పూలమ్మ పుట్టెంటికలు

యాభై రెండేళ్ల వయసులో పుట్టెంటికలు తీయించుకున్న ఆడమనిషి వర్ధన్నపేట మొత్తమ్మీద పూలమ్మ ఒక్కతే. ఆ సంగతి ఇప్పుడు అందరూ గొప్పగా చెప్పుకుంటారు గానీ, మొదట విన్ననాడు ఆమె మొగుడు గట్టయ్య మాత్రం చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి, భార్య మొహంలోకి అనుమానంగా చూశాడు. మందు తలకెక్కిందేమోనని అతని భయం.

మందు ఎక్కిన మాట నిజమే. పది రోజుల కిందట వరంగల్ దవాఖానలో మొదటి కీమో సెలైన్ ఎక్కించారు. రొమ్ములో గడ్డ తీసేసి అప్పటికి రెండు నెలలు. ఆపరేషన్ సర్కారు కార్డు మీద అయింది, సెలైన్ మందులూ కార్డు మీదే అవుతున్నాయి. అంతవరకు దేవుడి దయ. కానీ డాక్టరమ్మ వీటితోపాటు ఇంకో ఇంజక్షన్ రాసింది. అది కార్డులో లేదు, బయట కొనుక్కోవాలి. ఒక్కొక్కటి పద్దెనిమిది వేలు. అలాంటివి ఆరు. అంటే లక్షా ఎనిమిది వేలు. “మొదలుపెడితే మధ్యలో ఆపొద్దమ్మా, ఆరింటికీ చూసుకునే రండి” అని ఆవిడ చీటీ మీద రెండుసార్లు గీత కొట్టి మరీ చెప్పింది.

హన్మకొండలో ఉండే కూతురు దీప, అల్లుడు కలిసి ముప్పై వేలు తెచ్చి ఇచ్చారు. ఇద్దరూ ప్రైవేటు బళ్లో టీచర్లు. ఆ ముప్పై వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వాళ్లు చెప్పలేదు, పూలమ్మ అడగలేదు. ఇంకా డెబ్బై ఎనిమిది వేలు కావాలి. దానికి గట్టయ్య దగ్గర ఒకే ఒక్క ఉపాయం ఉంది. ఉన్న రెండు గదుల రేకుల ఇల్లు అమ్మేస్తాడట.

“ఇల్లు అమ్మితే నేను సూది ఏపిచ్చుకోను,” అంది పూలమ్మ.

“ఇల్లు ముఖ్యమా, నువ్వు ముఖ్యమా?”

“నేనే ముఖ్యం. అందుకే బతికినంక ఉండనీకి ఇల్లు గావాలె. కిరాయింట్ల బతుకుడుకు గింత కర్సు దేనికయ్యా?”

ఆ ఇంటి రేకులన్నీ పూలమ్మ కోల్డ్ స్టోరేజీల్లో కూర్చుని మిర్చి తొడిమలు తీసి సంపాదించినవే. పదకొండు వేసవులు ఆమె కళ్లు మండుతూనే ఉన్నాయి, చేతులు నీళ్లలో పెట్టినా చల్లబడలేదు. అమ్మేస్తానంటే ఆమె ఒప్పుకుంటుందని గట్టయ్య ఎలా అనుకున్నాడో అతనికే తెలియాలి.

అప్పు తేవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తేవచ్చు. నూటికి మూడు రూపాయల మిత్తి. రెండేళ్లు తిరిగేసరికి ఆ మిత్తికే ఈ ఇల్లు పోతుంది. ఇల్లు అమ్మడమే అది కూడా, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఇక ఎవరినైనా సాయం అడగడమంటారా, ఆ మాట గట్టయ్య ముందు ఎత్తడానికి ఎంతటివాడికైనా ధైర్యం చాలదు.

ఎందుకంటే గట్టయ్య తూకం మనిషి. ముప్పై ఏళ్లుగా మార్కెట్ యార్డులో కాంటా దగ్గర నిలబడి పత్తీ మక్కలూ తూకం వేస్తున్నాడు. రైతు గింజ సేటుకు పోనివ్వడు, సేటు గింజ రైతుకు పోనివ్వడు. కిరాణా షాపతను పొరపాటున ఐదు రూపాయలు ఎక్కువిస్తే, ఇంటిదాకా వచ్చాక చూసుకుని, ఎండలో మళ్లీ వెనక్కి నడిచి ఇచ్చి వస్తాడు. ఎవరైనా చాయ్ తాగిస్తే మర్నాడు వాళ్లకు తిరిగి తాగించేదాకా అతనికి అరగదు. ఇలాంటి మనిషితో ముప్పై ఏళ్లు కాపురం చేయడం ఎంత విసుగో పూలమ్మకు తెలుసు.

అతనికి దేవుడు రెండు మంచివి కూడా ఇచ్చాడు. ఒకటి గొంతు, రెండోది చేతిరాత. అందుకని చుట్టుపక్కల ఏ ఫంక్షన్ జరిగినా కట్నాల బల్ల దగ్గర గట్టయ్యే కూర్చోవాలి. పెండ్లి గానీ, పుట్టెంటికలు గానీ, పిల్లగాడి దోతి ఫంక్షన్ గానీ, వచ్చినవాళ్లు అన్నం తిని పోయే ముందు మైకు పక్కన బల్ల దగ్గరికి వచ్చి, పైసలిచ్చి పేరు రాయిస్తారు. ఆ పేరూ ఆ మొత్తం బుక్కులో ఎక్కుతాయి, మైకులో మోగుతాయి. రేపు వాళ్లింట్లో ఫంక్షన్ అయితే, వీళ్లు ఆ బుక్కు తెరిచి చూసుకుని, అంతకు కొంత కలిపి తిరిగి రాయిస్తారు. గట్టయ్య మైకులో “నూట పదహార్లు” అన్నాడంటే గేటు బయట చెప్పులు వెతుక్కునేవాడికి కూడా వినపడుతుంది.

ఇంత నిఖార్సయిన మనిషికీ పేకాట అనే ఒక్క మచ్చ ఉంది. పత్తాలు. కట్నాలు రాసి వచ్చిన ప్రతిసారీ జేబులో రెండు మూడు వందలు మాయమయ్యేవి. పెండ్లయిన కొత్తలో పూలమ్మ నిలదీస్తే, “టెంటు ఎనుక పత్తాలాడిన, పోయినయ్” అన్నాడు. మానేస్తానని ఐలోని మల్లన్న మీద ఒట్టు పెట్టమంటే మాత్రం పెట్టలేదు. ఇక అప్పట్నుంచి ఇంట్లో ఏది తక్కువైనా పూలమ్మ పత్తాలను తిట్టేది. దసరాకు చీర రాలేదా, పత్తాలు. దీప స్కూలు ఫీజు ఆలస్యమైందా, పత్తాలు. గట్టయ్య తల వంచుకుని వినేవాడు, ఎదురు మాట్లాడేవాడు కాదు. మొగుడి మీదికి అంతకన్నా మంచి ఆయుధం ఇంకేదీ లేదు కాబట్టి పూలమ్మకూ అది అలవాటైపోయింది.

అసలు కథలోకి వద్దాం. ఆ రోజు పొద్దున పూలమ్మ తల దువ్వుకుంటుంటే దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చాయి. చేత్తో తీస్తే చెయ్యి నిండింది. కీమో పడితే జుట్టు పోతుందని నర్సు ముందే చెప్పింది. నడుము దాటే జడ ఆమెది. పెండ్లిచూపుల్లో గట్టయ్య ఆమె మొహం కన్నా ముందు జడే చూశాడని మేనత్తలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. స్నానాల గదిలోకి పోయి, నల్లా తిప్పి, కాసేపు ఏడ్చింది. ఏడుస్తుండగానే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. నల్లా కట్టేసి బయటికి వచ్చింది.

“దీప బాపూ, నేను పుట్టెంటికలు ఇస్త.”

గట్టయ్య చాయ్ గ్లాసు కింద పెట్టింది అప్పుడే.

“మా నాయిన నా పుట్టెంటికలు ఐలోని మల్లన్నకు మొక్కిండు. ఆ యేడు కరువొచ్చిందని ఇంటికాడనే గీకిపిచ్చిండు. మొక్కు బాకీ ఉన్నది. ఈ ఎంటికలు ఎట్లైన రాల్తయ్. ఇంట్ల రాల్తే ఊడ్సుకునేది నేనే. మల్లన్నకిస్తే మొక్కు తీర్తది, ఫంక్షనైతది. ఫంక్షనైతే కట్నాలు వస్తయ్.”

“లోకమంత నవ్వుతది.”

“నవ్వనియ్. నవ్వినోళ్లు అన్నం తినకుండ పోరు, అన్నం తిన్నోళ్లు కట్నం రాయకుండ పోరు.”

“అడుక్కున్నట్టు ఉంటదే.”

“ముప్పై ఏండ్ల సంది ఊరందరికి రాసినం. మనకు వచ్చేది ఏనాడన్న వచ్చిందా? దీప పెండ్లి ఎట్లయింది?”

దీప పెండ్లి లాక్‌డౌన్‌లో అయింది. ఇరవై మంది, ఇరవై మాస్కులు, పావుగంటలో మూడు ముళ్లు. బల్లా లేదు, మైకూ లేదు. ఒక్కగానొక్క కూతురు. ఇచ్చినవన్నీ తిరిగి రావలసిన దారి ఆ పావుగంటలో మూసుకుపోయింది. “మనం పెట్టినయి మనం తెచ్చుకునుడు అడుక్కునుడా?” అని పూలమ్మ అడిగితే, గట్టయ్య లేచి ఇనప పెట్టెలోంచి తన పాత బుక్కులు తీశాడు. ఎవరికి ఎంత రాయించాడో తేదీలతో సహా అన్నీ ఉన్నాయి.

ఆదివారమంతా లెక్కలు కట్టాడు. ఇక్కడే అతని తిక్క బయటపడింది. ఇరవై ఏళ్ల కిందటి నూట పదహార్లు ఇప్పుడెంత కావాలి? మామూలు మనుషులైతే ఉజ్జాయింపుగా ఐదొందలు అనుకుంటారు. గట్టయ్య పత్తి ధరతో కొలిచాడు. ఆ యేడు క్వింటాలు పత్తి రెండు వేలు, ఈ యేడు ఏడు వేలు. అంటే మూడున్నర రెట్లు. నూట పదహార్లకు నాలుగు వందల ఆరు రావాలి. ఒక్క రూపాయి తగ్గినా ఫరవాలేదు గానీ, ఎక్కువైతే మాత్రం అది దానమే. ప్రతి పేరు పక్కనా ఎర్ర పెన్నుతో ఆ మొత్తం వేశాడు. అంతా కూడితే ఎనభై ఒక్క వేలు తేలాయి.

“వంట కర్సు, టెంటు కిరాయి నా యార్డు కూలిల ఎల్లదీస్త. సూదులకు అందరొస్తే సరిపోతది,” అన్నాడు.

పూలమ్మకు ఆ మాటలో ‘అందరు’ అన్నదే గుచ్చుకుంది, కానీ ఫికర్ పైకి కనపడనివ్వలేదు.

టెంట్ హౌస్ శ్యాంసుందర్ గట్టయ్యకు పాత దోస్తు. టెంటు, మైకు, కుర్చీలు అతనివే. “గట్టన్నా, నీ తాన కిరాయి తీసుకుంటనా” అని అనబోయి, గట్టయ్య చూపు చూసి, “కిరాయి ఫంక్షన్ అయినంక ఇయ్యి” అని సర్దుకున్నాడు. ఫ్లెక్సీ కూడా అతనే కొట్టిస్తానన్నాడు. ఫోన్లో వివరాలు చెప్పాడు. ఫ్లెక్సీ షాపు అతను పుట్టెంటికలకు యాభై రెండేళ్లేమిటి, తప్పు చెప్పి ఉంటారని తనే సరిచేశాడు. తీరా వచ్చి చూస్తే, ఎలుగుబంటి బొమ్మల, బుడగల మధ్యన పూలమ్మ ఫొటో, కింద ‘చిన్నారి పూలమ్మ, వయసు 2 సంవత్సరాలు’ అని ఉంది. దీప తలపట్టుకుంది. పూలమ్మ మాత్రం దాని ముందు నిలబడి ఫోన్లో ఫొటో తీయించుకుంది. అది ఒక ఫోనునుంచి ఇంకో ఫోనుకు పాకి కేసముద్రం దాకా పోయింది. పిలవనివాళ్లకు కూడా పిలుపు అందిందన్నమాట.

ఇక మేనమామ కావాలి. పుట్టెంటికలకు మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. పూలమ్మ మేనమామ పోయి పదేళ్లు. ఆయన కొడుకు ఐలయ్య ఉన్నాడు, పూలమ్మకు బావ. ఒకప్పుడు పూలమ్మను చేసుకుంటానని రెండేళ్లు తిరిగినవాడు. తండ్రి బదులు తనే వస్తానని అరవై ఏళ్ల వయసులో కొత్త తెల్ల చొక్కా కుట్టించుకుని వచ్చాడు. ఆ చొక్కా చూసి గట్టయ్య పెదవి విరిచాడు.

ఐలోని మల్లన్న దగ్గర, కటింగ్ సారయ్య పీట వేసి కూర్చోబెట్టాడు. దీప జడ అల్లింది, చివర రిబ్బను కట్టింది. ఐలయ్య కత్తెర పట్టుకున్నాడు, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“బావా, ఎంటికలకే గిట్ల ఏడ్తానవ్. మా నాయిన పిల్లనియ్యనన్ననాడు ఎంత ఏడ్సినవో,” అంది పూలమ్మ.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గట్టయ్య కొబ్బరికాయలు లెక్కపెట్టడంలో మునిగిపోయాడు. ఉన్నవి ఐదే, వాటిని మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆ నవ్వులోనే కత్తెర పడింది, జడ పూలమ్మ ఒళ్లోకి వచ్చింది. ఇన్నేళ్లు వీపు మీద మోసిన జడ ఒళ్లో ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు. తనలోంచి ఇంకో మనిషి లేచి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. సారయ్య కత్తి మొదలుపెట్టాక కళ్లు మూసుకుని, “మల్లన్నా, ఆరు సూదులు. అంతకన్న అడుగను” అనుకుంది. గుండు మీద గంధం రాసినప్పుడు చల్లగా, హాయిగా ఉంది.

మధ్యాహ్నానికి ఇంటి ముందు టెంటు కింద భోజనాలు మొదలయ్యాయి. కోడికూర, పచ్చిపులుసు, వంకాయ, పెరుగు. యాటపోతును కోద్దామని గట్టయ్య అంటే, వచ్చినవన్నీ యాటకే పోతాయని పూలమ్మ పడనివ్వలేదు. దీప తల్లిని అందరికీ దూరంగా గడప పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మూతికి మాస్కు కట్టింది. ఎవరూ ముట్టుకోవద్దు, దగ్గరికి రావద్దు, దండం పెట్టి పోవాలి. వచ్చినవాళ్లు వంగి దండాలు పెడుతుంటే గుండూ గంధంతో ఉన్న పూలమ్మ చెయ్యెత్తి దీవించింది. ఈ వేషం ఆమెకు బాగానే నచ్చింది.

కట్నాల బల్ల దగ్గర గట్టయ్యే కూర్చున్నాడు. సొంత ఫంక్షన్‌కు సొంతంగా కట్నాలు రాసుకున్న మనిషిని అంతకుముందు ఎవరూ చూడలేదు. వేరేవాళ్లు రాస్తే తప్పులు పోతాయని అతని బాధ. ముందు రెండు బుక్కులు. ఒకదాంట్లో రాయాలి, ఇంకోదాంట్లో ఎర్ర అంకె చూసుకోవాలి. ఎవరైనా ఎక్కువిస్తే మైకు పక్కకు తిప్పి, చిల్లర చేతిలో పెడుతున్నాడు. ఐదు వందలిచ్చిన పెద్దాయనకు తొంభై నాలుగు రూపాయలు వెనక్కిచ్చాడు. బస్సు కండక్టర్ కూడా అంత ఓపికగా చిల్లర ఇవ్వడు. వరుస నత్తలా కదులుతోంది.

ఐలయ్య వచ్చి ఐదు వేలు పెట్టాడు.

“అన్నా, నీ బిడ్డ పెండ్లి లెక్కకు పదకొండు వందల అరవై అయితయ్,” అని గట్టయ్య మూడు వేల ఎనిమిది వందల నలభై లెక్కపెట్టి తిరిగి ఇచ్చాడు.

“గట్టయ్యా, ఇది బీమారుకు ఇచ్చిన పైసలయ్యా.”

“ఇది బీమారు కాదన్నా. పుట్టెంటికలు.”

దూరంగా కూర్చున్న పూలమ్మ పళ్లు నూరింది. మాస్కు ఉండబట్టి ఎవరికీ కనపడలేదు.

మూడు గంటలకు వరుస అయిపోయింది. దీప ఫోన్లో కూడి, తల్లి దగ్గరికి వచ్చి, మెల్లగా చెప్పింది. “యాభై రెండు వేలమ్మా.” ఎందుకు తగ్గాయో వేరే చెప్పక్కర్లేదు. బుక్కులో ఉన్నవాళ్లలో కొందరు చనిపోయారు, కొందరు పట్నం పోయి అడ్రసు లేరు, కొందరికి పిలుపు అందినా రావడానికి మనసు అందలేదు. ఇంకా ఇరవై ఆరు వేలు తక్కువ. గట్టయ్య పెన్ను మూత పెట్టి, తలెత్తి ఇంటి కప్పు వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో పూలమ్మకు తెలుసు. రేపు పొద్దున్నే ఎవరినో ఇల్లు చూపించడానికి తీసుకొస్తాడు. తను వద్దంటుంది, అతను వినడు, డాక్టరమ్మ రమ్మన్న గురువారం సూదికి వెళ్లాలా వద్దా అని ఇద్దరూ కొట్లాడుకుంటారు. అంత తమాషా చేసి, గుండు చేయించుకుని, మళ్లీ మొదటికే వచ్చామని ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు మొగిలమ్మ వచ్చింది. ఆకుకూరలు అమ్ముకునే ముసలావిడ. నా అన్నవాళ్లు లేరు. బల్ల ముందు నిలబడి, కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ ఐదు వందల నోటు, దాని మీద పదహారు రూపాయల చిల్లర పెట్టింది.

“రాయి కొడుకా. మొగిలమ్మ, ఐదు వందల పదహార్లు.”

గట్టయ్య పాత బుక్కు తిరగేశాడు. “అవ్వా, నీ పేరు లేదు.”

“ఎట్లుంటది? నా ఇంట్ల ఏం ఫంక్షనైందని?”

“మరి నేను నీకు రాసింది లేదు, నువ్వు నాకు రాసేది లేదు. పైసలు లోపల పెట్టుకో. అన్నం తిన్నవా?”

“అన్నం సంగతి తర్వాత. సారంగపాణి బిడ్డ పెండ్లి యాదికున్నదా?”

గట్టయ్య మొహం మారింది. పూలమ్మ అది చూసింది.

“ఆ దినం నీ చేతుల ఇరువై రూపాలు పెట్టిన. నా తాన గవ్వే ఉండె. మైకుల ఇరువై అంటవని, కొంగు తలమీదికేసుకొని గేటు దిక్కు ఉరికిన. ఎనకనుంచి మైకు మోగింది. మొగిలమ్మ, నూట పదహార్లు అని.”

మైకు కట్టేయడం శ్యాంసుందర్ మరిచిపోయాడో, కావాలనే ఉంచాడో తెలియదు గానీ, ముసలావిడ మాట వాడంతా వినపడింది. చేతులు కడుక్కుంటున్నవాళ్లు నల్లా ఆపారు.

“యాదిమర్శి సదివుంట,” అన్నాడు గట్టయ్య.

“యాదిమర్శి సదివితే సారంగపాణికి తొంభై ఆరు తక్కువ పడాలె. నేను పోయి అడిగిన. బుక్కుల ఉన్నన్ని పైసలు డబ్బల ఉన్నయన్నడు. ఆ తొంభై ఆరు ఎవలియి కొడుకా?”

గట్టయ్య పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. మొగిలమ్మ వెనక ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, యార్డులో బస్తాలు మోసే ఒకతను, “నేను యాభై ఇచ్చిన. నాయి సుత నూట పదహార్లే అన్నడు” అన్నాడు. బడిలో వంట చేసే భారతి, “నేను ఉత్త కవరిచ్చిన. లోపల ఏం లేదని అన్నకు ఎర్కే” అంది, తల దించుకోకుండానే. ఆమె వెనక ఇంకో నలుగురు, వాళ్ల వెనక ఇంకొందరు. ముప్పై మంది దాకా ఉంటారు. ఎవరి పేరూ ఎర్ర పెన్ను బుక్కులో లేదు.

పూలమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఫంక్షన్‌కు రెండు వందలు, మూడు వందలు. ముప్పై ఏళ్లు. టెంటు వెనక పత్తాలాట. ఒట్టు పెట్టమంటే పెట్టని మొగుడు. రాని దసరా చీరలూ, వాటి కోసం తను అన్న మాటలూ, తల వంచుకుని అతను పడ్డ మాటలూ అన్నీ గుర్తొచ్చాయి. లేనివాళ్ల పేరు మైకులో తక్కువ పలకకూడదని జేబులోంచి వేసి, ఆ సంగతి పెళ్లానికి కూడా తెలియకూడదని జూదగాడిననిపించుకున్నాడు. ఆమెకు అతని మీద చచ్చేంత కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ ప్రేమ వచ్చింది.

“అవి నా లెక్కల లేవవ్వా,” అంటున్నాడు గట్టయ్య. “లెక్కల లేనియి నేను రాయ.”

“అంటే అది దానమన్నట్టు,” అంది మొగిలమ్మ. “మైకు నీ ముంగటనే ఉన్నది. మొగిలమ్మకు గట్టయ్య దానం జేసిండని సదువు. ఇని పోత.”

గట్టయ్య మైకు వైపు చూశాడు, ముసలావిడ వైపు చూశాడు, వరుస వైపు చూశాడు. ఏ పేర్లు తక్కువ కాకూడదని అంత చేశాడో, ఆ పేర్లన్నీ ఇప్పుడు తన నోటితోనే తక్కువ చేయాలి. తూకం మనిషికి మొట్టమొదటిసారి కాంటా ఎటూ మొగ్గలేదు. చేతిలో పెన్ను అలాగే ఉంది.

పూలమ్మ లేచింది. “అమ్మా, దూరం” అని దీప అంటున్నా వినకుండా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“రాయయ్యా.”

“ఏ లెక్కల రాయాలె పూలా?”

“పత్తాల లెక్కల రాయి. ముప్పై ఏండ్ల సంది పత్తాలల్ల పోయినయ్. ఇయ్యాల పత్తాలల్లనే వచ్చినయ్.”

మైకులో ఆ మాట మోగి, టెంటంతా నవ్వింది. మొగిలమ్మ పళ్లు లేని నోటితో అందరికన్నా గట్టిగా నవ్వింది. గట్టయ్య నవ్వలేదు. కొత్త పేజీ తిప్పి, పైన తన ముత్యాల రాతతో ‘పత్తాలు’ అని రాసి, కింద గీత కొట్టాడు. మైకు దగ్గరికి లాక్కుని గొంతు సవరించుకున్నాడు. “మొగిలమ్మ, ఐదు వందల పదహార్లు” అన్నాడు, గేటు బయటివాళ్లకు కూడా వినపడేలా. పేజీ మీద ఒక చుక్క నీరు పడి ‘మొ’ అలుక్కుపోయింది. పూలమ్మ మాస్కు తడిసేలా బాహాటంగా ఏడుస్తోంది, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

ముప్పై మంది రాయించేసరికి సాయంత్రమైంది. దీప మళ్లీ కూడింది. డెబ్బై ఐదు వేల తొమ్మిది వందలు. ఇంకా రెండు వేల వంద తక్కువ.

“ఐలయ్య బావా,” అని పిలిచింది పూలమ్మ. “ఇందాక తిరిగొచ్చిన పైసలు ఇటు తే.”

ఐలయ్య పరుగున వచ్చి మూడు వేల ఎనిమిది వందల నలభై బల్ల మీద పెట్టాడు. గట్టయ్య భార్య మొహం చూశాడు. వాదించే వీలు అక్కడ కనపడలేదు. బుద్ధిగా రెండు వేల వంద తీసుకుని, రాసుకుని, మిగిలిన పదిహేడు వందల నలభై లెక్కపెట్టి మళ్లీ ఐలయ్య చేతిలో పెట్టాడు. పూలమ్మ వదిలేసింది, కొన్ని మారవు.

గురువారం పొద్దున్నే వరంగల్ బస్సెక్కారు. పూలమ్మ తలకు పూల చున్నీ కట్టుకుంది. బస్టాండులో గట్టయ్య టికెట్ల చిల్లర కోసం నిలబడ్డప్పుడు ఆమె పక్క కొట్లో ఏదో కొని సంచిలో వేసుకుంది. దవాఖానలో మొదటి సూది మందు కొన్నారు. ఐస్ డబ్బాలో వచ్చిన ఆ చిన్న సీసాను గట్టయ్య రెండు చేతులతో పట్టుకుని వార్డుదాకా తెచ్చాడు. నర్సు దాన్ని సెలైన్‌లో కలిపి, చుక్కలు సరిచేసి, మూడు గంటలు పడుతుందని చెప్పి పోయింది.

పూలమ్మ ఎడమ చేత్తో సంచిలోంచి పత్తాల పెట్టె తీసి మంచం మీద పెట్టింది. కొత్త పెట్టె, ఇంకా కవరు చింపలేదు.

“పంచయ్యా. రమ్మీ ఆడుదాం. ముప్పై ఏండ్ల ఆటగానివి, నీ ఆట ఏందో నేను సుత జూస్త.”

గట్టయ్య కవరు చింపి, పత్తాలను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కలపబోతే సగం మంచం మీద, సగం నేల మీద పడ్డాయి. వంగి ఒక్కొక్కటీ ఏరి, దుమ్ము తుడిచి, యాభై రెండు ఉన్నాయో లేదో లెక్క చూసుకున్నాడు. తర్వాత కట్టను ఒళ్లో పెట్టుకుని, పక్క మంచం వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

“పూలా, ఒక్కొక్కలకు ఎన్ని పంచాలె?”